మా కర్రోడి చర్మం, నాలుగు సూదులు, ఒక గాజు పలక

నిన్న రాత్రి పదకొండు దాటాక తిరుపతి నుంచి కావలి చేరాం. మా కుక్క కర్రోడికి రెండోసారి కూడా చర్మం పరీక్షలో పురుగు కనపడలేదు. రాత్రంతా సంతోషంతో నిద్ర పట్టలేదు. సంతోషం ఎంత ఉందో కోపమూ అంతే ఉంది. అది చల్లారక ముందే ఇది రాస్తున్నాను.

కర్రోడు నాటు కుక్క. పోయిన నవంబరులో ముసురు పట్టి నాలుగు రోజులు వదలనప్పుడు, మా వీధి చివర సిమెంటు తూము కింద వణుకుతూ దొరికాడు. నల్లగా నిగనిగలాడేవాడు, అందుకే ఆ పేరు. నట్టల మందు, రేబిస్ టీకా పశువుల ఆసుపత్రిలో వేయించాం. అక్కడ ఏ ఇబ్బందీ పడలేదు.

ఫిబ్రవరిలో ఎడమ కంటి చుట్టూ వెంట్రుకలు రాలాయి. రూపాయి బిళ్ళంత మేర. దురద లేదు, పుండు లేదు. పేనుకొరుకుడు అనుకున్నాను. మందుల షాపులో ఫోటో చూపిస్తే మనుషులు తామరకు రాసుకునే ఆయింట్‌మెంట్ ఇచ్చారు. పది రోజులు రాశాను. ఆ ట్యూబు మీద చిన్న అక్షరాల్లో బెటామెథాసోన్ అని ఉంది. అది స్టెరాయిడ్ అని నాకు అప్పుడు తెలియదు. షాపు వాళ్ళకి తెలుసు, అయినా చెప్పలేదు. మచ్చ ఒకటి నాలుగైంది. ముందు కాళ్ళ మీద, మూతి దగ్గర కూడా వచ్చింది.

ఇక చుట్టుపక్కల అందరూ వైద్యులే. కానుగ నూనె అన్నారు, గంధకం అన్నారు. ఒకాయన మెకానిక్ షాపు నుంచి కాలిన ఇంజిన్ ఆయిల్ డబ్బాతో తెచ్చి గుమ్మంలో పెట్టి వెళ్ళారు. నేను పూయలేదు. కుక్క ఒంటికి ఏది పూసినా నాకేస్తుంది, అంటే అది కడుపులోకి వెళ్తుంది. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకున్నా సగం కుక్కలు బతుకుతాయి. వేపాకు నీళ్ళు మాత్రం పోశాను. వాటి వల్ల చెడు జరగలేదు, మంచీ జరగలేదు.

మార్చిలో దురద మొదలైంది. అప్పుడు ఒక ప్రైవేటు క్లినిక్‌కి తీసుకెళ్ళాను. ఊరు పేరు, మనిషి పేరు చెప్పను. బయట పెద్ద బోర్డు, లోపల ఏసీ, గోడ నిండా జాతి కుక్కల బొమ్మలు. డాక్టరు గారు కర్రోడిని బల్ల మీదికి ఎక్కించమనలేదు. నేల మీదే ఉంచమని, కుర్చీలోంచే చూసి, "ఎలర్జీ అమ్మా, సూది వేస్తే పోతుంది" అన్నారు. సూది వేశారు. రెండు నిమిషాల్లో పని అయిపోయింది.

నిజం చెప్తున్నాను, ఆ సూదికి దురద మంత్రం వేసినట్టు పోయింది. ఆ రాత్రి వాడు ఒక్కసారి కూడా గీక్కోలేదు. డాక్టరు నాకు దేవుడిలా కనిపించారు. ఇద్దరు ముగ్గురికి ఆయన పేరు నేనే చెప్పాను. ఆ తప్పు నాది.

ఆరో రోజుకి దురద తిరిగి వచ్చింది, ముందుకంటే ఎక్కువగా. మళ్ళీ వెళ్ళాను, మళ్ళీ సూది. అప్పటి నుంచి తేదీలు, ఫోటోలు, ఏ రోజు ఏం తిన్నాడు, ఎన్ని నీళ్ళు తాగాడు అన్నీ ఒక నోటుపుస్తకంలో రాయడం మొదలుపెట్టాను. మూడో సూది తర్వాత గిన్నె వెనక గిన్నె నీళ్ళు తాగేవాడు. ఎన్నడూ లేనిది ఇంట్లోనే ఉచ్చ పోసేవాడు. ఎంత పెట్టినా ఆకలే. ఆ సంగతి చెప్తే, "ఎండాకాలం కదమ్మా, నీళ్ళు తాగక ఏం చేస్తుంది" అన్నారు. స్టెరాయిడ్ ఎక్కువైతే కుక్క ఇలాగే నీళ్ళకి, తిండికి ఎగబడుతుందని తర్వాత తెలిసింది. పుస్తకంలో నేను రాసుకున్న ప్రతి లైనూ ఆ సంగతే చెప్తోంది, చదివే వాళ్ళే లేరు.

నాలుగోసారి ధైర్యం చేసి అడిగాను. "సార్, చర్మం గీకి మైక్రోస్కోపులో చూస్తారట కదా, ఒకసారి చూద్దామా?" అంతే. ఆయన కుర్చీలోంచి లేచారు. "ఫోన్లో చూసుకుని వచ్చారా? మీరు డాక్టరా, నేను డాక్టరా? ఇట్లాంటి వీధి కుక్కకి టెస్టులు ఏందమ్మా?" అని అరిచారు. గదిలో ఇంకో ముగ్గురు ఉన్నారు. లాబ్రడార్‌ని పట్టుకుని కూర్చున్న ఒకాయన నవ్వారు. పోనీ వేసిన సూది పేరు కాగితం మీద రాసివ్వమని అడిగితే, "రాసిస్తే ఇంటికెళ్ళి మీరే పొడుస్తారా?" అన్నారు.

నాకు యాభై రెండేళ్ళు. ఇద్దరు పిల్లల్ని చదివించి పైకి తెచ్చాను. అంతమందిలో అలా మాట పడటం నాకు అదే మొదటిసారి. నోట మాట రాలేదు. డబ్బులు కట్టాను. ఆయన వెనక్కి తిరగగానే చెత్తబుట్టలో పైనే కనిపించిన సీసా తీసుకుని బ్యాగులో వేసుకున్నాను. ఆటో ఎక్కాక ఏడుపు ఆగలేదు. కర్రోడు నా ఒళ్ళో తల పెట్టి నా చెయ్యే నాకుతున్నాడు. ఇంటికి వచ్చి సీసా కడిగి చూశాను. డెక్సామెథాసోన్. అదీ స్టెరాయిడే. దాన్ని ఫోటో తీసి పెట్టుకున్నాను.

మే నెల మధ్యకి వాడిని చూస్తే పరాయి వాళ్ళు కూడా కళ్ళు తిప్పుకునేవారు. ఒంటి మీద సగానికి పైగా వెంట్రుకల్లేవు. నల్లటి కుక్క బూడిద రంగుకి వచ్చి, చర్మం మందం కట్టి ఏనుగు తోలులా ముడతలు పడింది. పాదాలు వాచి వేళ్ళ సందుల్లో చీము, నెత్తురు. వాసన గది దాటి వీధిలోకి వచ్చేది. ఇంటి ఓనరు గారి భార్య వచ్చి, "పిల్లలున్న ఇల్లు, అక్కా. అంటుకుంటుంది. రాత్రిపూట హైవే దగ్గర వదిలేసి రండి, ఎవరో ఒకరు చూసుకుంటారు" అంది. ఎవరు చూసుకుంటారు? హైవే మీద లారీలు చూసుకుంటాయి. బాగున్నప్పుడు పిల్లలు ఆడుకోవడానికి కావాలి, పుండు పడితే ఊరవతల దింపేయాలి. ఇలా చేసేవాళ్ళు కుక్కల్ని పెంచొద్దు. ఇంకేదీ పెంచొద్దు.

దారి చూపించింది మా పశువుల ఆసుపత్రి కాంపౌండరు గారు. గేదెకి సూది వేస్తూనే మా వాడిని చూసి, "అమ్మా, ఇది మన దగ్గర తేలదు. తిరుపతి పశువైద్య కళాశాలకి తీసుకుపోండి, అక్కడ పరీక్ష చేస్తారు" అన్నారు. దూరం సుమారు 190 కిలోమీటర్లు. ముగ్గురు కారు డ్రైవర్లు వాడిని చూసి రానన్నారు. నాలుగో అబ్బాయి సీటు మీద పట్టా పరిస్తే వస్తానన్నాడు. జూన్ ఎండలో అద్దాలు దించుకుని నెల్లూరు, గూడూరు, నాయుడుపేట, శ్రీకాళహస్తి మీదుగా వెళ్ళాం.

అక్కడ చూసిన మేడం చిన్న వయసావిడ. చేతులకి గ్లౌజులు తొడుక్కుని, తనే వాడిని ఎత్తి బల్ల మీద పెట్టారు. నాలుగు నెలల్లో ఒక డాక్టరు వాడిని చేత్తో పట్టి పరీక్షగా చూడటం అదే మొదటిసారి. చెవి అంచుని రెండు వేళ్ళతో నలిపి వెనక కాలి వైపు చూశారు. గోకే గజ్జి అయితే అలా నలిపినప్పుడు చాలా కుక్కలు వెనక కాలితో గీక్కుంటున్నట్టు ఆడిస్తాయట. వీడు ఆడించలేదు. దువ్వెనతో దువ్వి, రాలినదాన్ని తడి తెల్లకాగితం మీద వేశారు. దుమికే పురుగుల రెట్ట ఉంటే కాగితం మీద ఎర్రగా కరుగుతుందట. అదీ లేదు.

ఆ తర్వాత బ్లేడుకి ఒక చుక్క నూనె రాసి, చర్మాన్ని గట్టిగా నొక్కి, నెత్తురు చెమర్చేదాకా గీకారు. నేను కళ్ళు మూసుకున్నాను, వాడు కదల్లేదు. గీకినదాన్ని గాజు పలక మీద పెట్టి మైక్రోస్కోపు కింద చూసి, "మీరూ చూడండమ్మా" అని నన్ను పిలిచారు. చూశాను. చుట్ట ఆకారంలో పొడుగాటి ఒళ్ళు, ముందు భాగంలో ఎనిమిది పొట్టి కాళ్ళు. ఒకటి కాదు, గుంపులు. కొన్ని కదులుతున్నాయి. పేరు డెమోడెక్స్. ఇదంతా కలిపి పదిహేను నిమిషాల పని.

మేడం చెప్పింది నాకు అర్థమైనంత వరకు రాస్తాను. ఈ పురుగు పుట్టిన మొదటి రోజుల్లోనే తల్లి పాలు తాగేటప్పుడు పిల్లకి వస్తుంది. చాలా కుక్కల వెంట్రుకల కుదుళ్ళలో కొద్దిగా ఉంటుంది, ఏమీ చేయదు. ఒంట్లో రోగాన్ని తట్టుకునే శక్తి తగ్గినప్పుడు పెరిగిపోతుంది. మనుషులకి అంటదు. మనకి దద్దుర్లు తెచ్చేది ఇంకో రకం గజ్జి, సార్కోప్టిక్ అంటారు. కుక్కకి విపరీతమైన దురద ఉండి, చెవుల అంచులు, మోచేతులు పొక్కులు కట్టి, ఇంట్లో వాళ్ళకీ దురద వస్తుంటే దాన్ని అనుమానించాలి. ఆ పురుగు గీకినా ఒక్కోసారి దొరకదు కాబట్టి, కనపడకపోయినా మందు వాడి చూస్తారట. గుండ్రటి మచ్చలతో వచ్చే తామర మాత్రం పిల్లలకి తేలిగ్గా అంటుకుంటుంది.

సీసా ఫోటో చూపించాను. మేడం కాసేపు మాట్లాడలేదు. "ఈ పురుగు ఉన్నప్పుడు స్టెరాయిడ్ అసలు వేయకూడదమ్మా. ఉన్న కాస్త శక్తినీ అది అణిచేస్తుంది" అన్నారు. వాడి దురద పురుగు వల్ల కంటే దాని మీద చేరిన చీము వల్లట. సూది దురదని మాత్రం అణిచింది, పురుగుకి మేత వేసింది. మొదట్లో కంటి చుట్టూ వచ్చిన ఆ ఒక్క మచ్చ సంగతి అడిగాను. పిల్ల కుక్కల్లో అలాంటి చిన్న మచ్చలు చాలావరకు ఏ మందూ లేకుండానే వాటంతటవే తగ్గిపోతాయని చెప్పారు. ఆ మాట విన్నాక నేను బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాను.

వైద్యం తేలికే. పురుగుని చంపే అఫాక్సోలానర్ బిళ్ళ నెలకొకటి, బరువుని బట్టి. వాడు 14 కిలోలు, 10 నుంచి 25 కిలోల బిళ్ళ ఇచ్చారు. ఒక్కోటి దాదాపు వెయ్యి రూపాయలు. మూర్ఛ వచ్చే కుక్కైతే ముందే చెప్పాలట. చీముకి సెఫాలెక్సిన్, పూటకొకటి చొప్పున రోజుకి రెండు పూటలా, నాలుగు వారాలు. ఐదో రోజుకే పుండ్లు ఎండాయి, అయినా ఆపలేదు. క్లోర్‌హెక్సిడిన్ షాంపూ వారానికి రెండుసార్లు. నురగ పెట్టి పది నిమిషాలు ఉంచాలి, వెంటనే కడిగేస్తే దండగ. ఆ పది నిమిషాలు వాడు నాక్కోకుండా పట్టుకోవడమే మొత్తం వైద్యంలో కష్టమైన పని. మన షాంపూలు కుక్క చర్మానికి పడవు, వాడొద్దు.

కొన్ని పశువుల మందుల షాపుల్లో పురుగులు పోవడానికి గేదెలకి వాడే ఐవర్‌మెక్టిన్ సూది చవకగా ఇస్తారు, మా వాళ్ళలో ఒకరు తెచ్చుకొమ్మన్నారు కూడా. కోలీ లాంటి జాతుల్లో కొన్ని కుక్కలకి అది ప్రాణం మీదికి తెస్తుంది. డాక్టరు లేకుండా దాని జోలికి పోవద్దు.

జూలైలో గీకితే ఇంకా పురుగులు కనిపించాయి, చాలావరకు చచ్చినవి. ఆగస్టులో ఒక్కటీ లేదు. వెంట్రుకలు వచ్చేశాయి కదా, ఇంక ఎందుకని మా ఆయన అన్నారు. నేను ఒప్పుకోలేదు. చర్మం పైకి బాగుపడ్డా లోపల పురుగు మిగిలి ఉండొచ్చు, నెల తేడాతో రెండుసార్లు ఏమీ కనపడకపోతేనే తగ్గినట్టు లెక్క. నిన్నటితో ఆ రెండోదీ అయింది. మేడం నా నోటుపుస్తకం తీసుకుని తన దగ్గర చదువుకునే పిల్లలందరికీ చూపించారు. "కేసు ఇలా రాయాలి" అన్నారు. ఆ మాట నాకు ఏ బహుమతికీ తక్కువ కాదు.

ఇప్పుడు కర్రోడు మళ్ళీ నల్లబడ్డాడు. కుడి ముందు కాలి మీద అరచేతి మేర ఇంకా వెంట్రుక రాలేదు. రూపాయి బిళ్ళంత మచ్చ కనిపించగానే ఎవరైనా చేయాల్సింది ఒకటే, సూదికి ఒప్పుకునే ముందు గీకి చూడమని అడగండి. వేసిన మందు పేరు రాసివ్వని చోట కూర్చోవద్దు, లేచి వచ్చేయండి.

సోమవారం నాడు రెండు రిపోర్టులు, సీసా ఫోటో, నోటుపుస్తకం పట్టుకుని ఆ క్లినిక్‌కి వెళ్తున్నాను. గొడవకి కాదు. ఇంకో కుక్కకి ఆ సూది వేసే ముందు ఒక్కసారి గీకి చూడమని చెప్పడానికి. మా ఆయన వద్దంటున్నారు. నేను వెళ్తాను, కర్రోడిని కూడా తీసుకుని.