శనివారం చీమలు తినొచ్చా?

మా ఆయన శనివారం నీచు ముట్టడు. టెక్సాస్‌లో మా పదిహేనేళ్ళ ఫ్రిస్కో కాపురంలో ఎప్పుడూ దాంతో ఇబ్బంది రాలేదు. శనివారం పార్టీకి పిలిచే వాళ్ళంతా మనవాళ్ళే కాబట్టి ఓ మూల పప్పు, వంకాయ కూర ఉండనే ఉంటాయి. మొన్న జూన్‌లో మెక్సికో వెళ్ళినప్పుడు మాత్రం చిక్కొచ్చి పడింది.

ఊరు వహాకా. ఇంగ్లీషు స్పెల్లింగ్ చూసి నేను నెల రోజులు 'ఓక్సాకా' అంటూ తిరిగాను. బళ్ళో రెండేళ్ళుగా స్పానిష్ చదువుతున్న మా పెద్దాడు ఎయిర్‌పోర్టులో అందరూ వినేలా దిద్దాడు. వాడికి పదమూడు, చిన్నదానికి తొమ్మిది. ఇద్దరికీ మెక్సికన్ తిండంటే టెక్సాస్‌లో దొరికేదే: చిప్స్, వాటి మీద కరిగించి పోసిన పసుప్పచ్చ చీజ్. వహాకాలో ఉన్న ఐదు రోజుల్లో ఆ చీజ్ నాకెక్కడా కనపడలేదు. అక్కడి చీజ్ తెల్లగా, నూలు ఉండలా చుట్టి ఉంటుంది.

పెళ్ళిరోజని మా ఆయన రెండు నెలల ముందే పెద్ద రెస్టారెంట్‌లో టేబుల్ బుక్ చేశాడు. ఎనిమిది రకాలు ఒకదాని తర్వాత ఒకటి తెచ్చి, ప్రతిదానికీ కథ చెప్పి పెడతారు. మెక్సికో సంప్రదాయ వంటకి 2010లో యునెస్కో గుర్తింపు వచ్చింది. 2024లో రెస్టారెంట్లకి స్టార్లిచ్చే మిషెలిన్ గైడ్ కూడా ఆ దేశంలో అడుగుపెట్టింది. ఆ మొదటి ఏడే మెక్సికో సిటీలో జనం నిలబడి తినే ఓ టాకో కొట్టుకి స్టార్ ఇచ్చారు. ఆ సంగతి చెప్పి, "అక్కడికే పోదాం, డబ్బులు మిగులుతాయి" అన్నాను. నా మాట చెల్లలేదు.

కూర్చోగానే వడ్డించే అమ్మాయి ఎలర్జీలేమైనా ఉన్నాయా అని అడిగింది. మా ఆయన గొంతు సవరించుకున్నాడు. "నాన్నా, ప్లీజ్, శనివారం అని చెప్పకు, వెజిటేరియన్ అను చాలు" అని పెద్దాడు పళ్ళ మధ్య నుంచి గొణిగాడు. ఆయన వింటేగా! వెంకటేశ్వరస్వామి దగ్గర్నుంచి మొదలెట్టాడు. పెద్దాడు మెనూ వెనక మొహం దాచుకున్నాడు. ఆ అమ్మాయి మాత్రం శ్రద్ధగా రాసుకుని లోపలికెళ్ళి, మళ్ళీ వచ్చి అడిగింది: "మా షెఫ్‌కి ఒక సందేహం. చీమలు మాంసం కిందికి వస్తాయా?"

మా దగ్గర జవాబు లేదు.

అవి చికాతానాలట. ఆకులు కత్తిరించి పుట్టలోకి మోసుకెళ్ళే జాతిలో రెక్కల చీమలు. ఏడాదికోసారి, తొలి పెద్ద వాన పడ్డాక పుట్టల్లోంచి పైకొస్తాయి. జనం తెల్లారకముందే లేచి, దీపాల దగ్గర వాటిని పట్టుకుంటారు. పెనం మీద వేయించి, వెల్లుల్లి, మిరపకాయ, ఉప్పు వేసి నూరితే పచ్చడి. మూడు కాళ్ళ నల్లరాతి రోలు టేబుల్ మీదికి తెచ్చి మా ముందే నూరుతున్నారు. వేయించిన వేరుశెనగ వాసన, దాని వెనక కాస్త కాఫీ వాసన. నాకు కడుపులో ఏదో కదిలింది. ఆకలి కాదు.

"అమ్మమ్మని అడుగుదాం" అంది చిన్నది. ఇండియాలో అప్పుడు ఆదివారం పొద్దున ఏడున్నర. వద్దనేలోపే పెద్దాడు వాట్సాప్ వీడియో కలిపాడు.

"అమ్మమ్మా, శనివారం చీమలు తినొచ్చా?"

"చీమలేంట్రా నాన్నా?"

వాడు ఫోన్ రోటి వైపు తిప్పాడు. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని చూసింది. "ఇవి ఉసిళ్ళలా ఉన్నాయే! మీ అమ్మకి ప్రాణం కదరా. తొలకరి పడితే చాలు, దీపం కింద నీళ్ళ పళ్ళెం పెట్టుకుని అక్కడే కూర్చునేది."

ఉసిళ్ళు చీమలు కాదు, చెదపురుగుల జాతి. మధిర దగ్గర మా పల్లెలో వాటిని నూనె లేకుండా మూకుట్లో వేయించి, ఉప్పూకారం చల్లి, పేలాల్లో కలుపుకునేవాళ్ళం. ఆరో తరగతిలో నన్ను విజయవాడ హాస్టల్లో వేశారు. ఓ వానాకాలం రాత్రి ట్యూబ్‌లైట్ చుట్టూ ఉసిళ్ళు మూగితే, "ఛీ, వీటిని తినేవాళ్ళు కూడా ఉంటారట" అని ఒకమ్మాయి అంది. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే. మా ఇంట్లో అలాంటివి తినం అని కూడా చెప్పాను. ఆ తర్వాత నిజంగానే తినలేదు, మా ఆయనకీ ఎప్పుడూ చెప్పలేదు.

పెద్దాడు రెండో తరగతిలో ఉండగా పులిహోర డబ్బా తెరవకుండానే వెనక్కి తెచ్చాడు. పిల్లలు పసుపు పురుగులన్నారట. "మన తిండికి నువ్వు సిగ్గుపడతావా?" అని ఆ రోజు వాణ్ణి అరగంట నిలబెట్టి తిట్టాను. వాడికది గుర్తున్నట్టే ఉంది. ఫోన్ పట్టుకుని నా వైపు చూస్తూ, "అయితే నువ్వూ చెప్పలేదన్నమాట" అన్నాడు. కోపంగా కూడా అనలేదు. నేను మంచినీళ్ళు తాగాను.

రొట్టెలొచ్చాయి. మొక్కజొన్నని సున్నపు నీళ్ళలో ఉడికించి, నానబెట్టి, కడిగి రుబ్బుతారు. అందుకే వేడి రొట్టె విప్పితే నానమ్మ తాంబూలం డబ్బా తెరిచినట్టు తడి సున్నం వాసన. పిల్లలిద్దరూ చీమల పచ్చడి రాసుకుని తినేశారు. ఇంట్లో చింతచిగురు పప్పంటే మూతి తిప్పే పిల్ల పళ్ళెం నాకింది! మా ఆయన స్వామికి భయపడి రోటి జోలికి పోలేదు. ఆయనకి నల్ల మోలే అనే చిక్కటి పులుసులో అరటికాయ ముక్కలు వేసిచ్చారు. మిరపకాయలు మాడే దాకా వేయించి, నువ్వులు, చాక్లెట్, ఇంకా ఇరవై రకాలు నూరి చేస్తారు. "గుత్తొంకాయ మసాలాలో చాక్లెట్ పడ్డట్టుంది" అంటూ లొట్టలేశాడు. ఆ పులుసు కోడి నీళ్ళతో చేశారేమోనని నాకు అనుమానమొచ్చింది కానీ, పెళ్ళిరోజు కదా అని ఊరుకున్నాను.

నేను వేలితో కొంచెం తీసుకుని నాలిక్కి రాసుకున్నాను. ఉసిళ్ళంత కమ్మగా లేవు. కాస్త చేదు, పొగ. పెద్దాడికి అదే చెప్పాను.

అమ్మ ఇంకా లైన్లోనే ఉంది. "రెక్కలు తీసి వేయించారో లేదో అడగరా, లేకపోతే గొంతులో గుచ్చుకుంటాయి" అంది. వాడు స్పానిష్‌లో అడిగాడు. ఆ అమ్మాయి నవ్వి, రెక్కలూ కాళ్ళూ వాళ్ళ అమ్మమ్మ కూర్చుని ఒక్కొక్కటే తీస్తుందని చెప్పింది. వాడు దాన్ని తెలుగులోకి మార్చేసరికి 'కాళ్ళు' అనే మాట దొరక్క తన కాలు చూపించాడు. అమ్మ పడీపడీ నవ్వింది.

నవ్వు ఆగాక, "ఇంతకీ ఎంత తీసుకున్నారే?" అంది.

"ఎంతోలే అమ్మా" అన్నాను.