మూడు కన్నాలు, ఒక అట్టముక్క

నిన్నటికి కడవ బొమ్మ నిలబడింది. పట్టుకుని ఊపి చూశాను, కదల్లేదు. ఇప్పుడే రాసేయకపోతే కోపం చల్లారేలా లేదు.

మూడడుగుల రాతిబొమ్మ. నెత్తిన పెద్ద కడవ, పీఠమేమో ఇరుకు. "అంత బరువుంది, ఎక్కడికి పోతుంది?" అన్నారు చాలామంది. బరువంతా పైనుంటే పిల్లలు చెయ్యేసి వేలాడినా ఒరుగుతుంది. పడేదీ వాళ్ళ మీదే. అందుకే కడ్డీలతో గచ్చుకి బిగించేద్దామనుకున్నాను.

బొమ్మని పరుపు మీద పడుకోబెట్టి, పీఠం అడుగున మూడు కన్నాలు వేశాను. డ్రిల్లులో హ్యామర్, అంటే దెబ్బలు కొట్టే మోడ్, ఆపేసి నెమ్మదిగా వేయాలి, లేకపోతే రాయి అంచు విచ్చిపోతుంది. వాటి కొలతకి అట్టముక్క మీద గుర్తులు పెట్టుకుని, 10 మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ మర కడ్డీలు ఎపాక్సీ జిగురుతో పీఠం కన్నాల్లో అతికించి ఒక రోజు వదిలేశాను. మామూలు ఇనుము వద్దు, తుప్పు పట్టి ఉబ్బితే రాయే పగులుతుంది.

అట్టని గచ్చు మీద పరిచి 12 మిల్లీమీటర్ల బిట్‌తో నాలుగంగుళాల లోతు కన్నాలు వేశాను. బావమరిదిని పిలిచి, "ఎపాక్సీ పొయ్యకముందు ఒకసారి ఊరికే దించి చూద్దాం" అన్నాను. మొత్తం మీద నేను చూపించిన తెలివి ఇదొక్కటే.

రెండు కడ్డీలు దిగాయి. మూడోది కన్నానికి అంగుళం అవతల! బొమ్మ పక్కన పెట్టి గచ్చు మీద కొలిచాను, కడ్డీల మధ్య కొలిచాను. టేపు ప్రకారం అన్నీ సరిగ్గానే ఉన్నాయి. మళ్ళీ దించాం, మళ్ళీ అంగుళం. తిప్పి దించితే ఇంకా అన్యాయం. "బావా, నా నడుం పోతోంది" అంటున్నాడు వాడు. నేనేమో కడ్డీ వంగిందన్నాను, టేపు సాగిందన్నాను, ఆఖరికి బొమ్మ చెక్కినవాణ్ణి కూడా తిట్టాను.

మా అమ్మాయి వచ్చి అట్టముక్క చేతిలోకి తీసుకుంది.

"నాన్నా, గుర్తులు పైకి ఉండేలా పరిచావా?"

"పైకే. లేకపోతే ఎలా కనిపిస్తాయి?"

"బొమ్మ నిలబడితే ఆ వైపు నేలకి కదా ఉండాలి?"

కుడికాలి చెప్పులో ఎడమకాలు పెట్టానన్నమాట. పొడవు కొలిస్తే రెండూ ఒకటే, తొడిగితేనే తెలుస్తుంది. బావమరిది గచ్చు మీద కూలబడి నవ్వాడు. ఈపాటికి మా అత్తగారికి చేరే ఉంటుంది.

అట్ట తిరగేసి, ఒక అడుగు పక్కకి జరిపి మళ్ళీ మూడు వేశాను. దుమ్ము విషయం కూడా వినండి. "ఉఫ్‌మని ఊదితే చాలు సార్" అన్నాడు మేస్త్రీ. అలాగే ఊది, ఒక పాత కన్నంలో విడి కడ్డీ అతికించి చూశాను. మర్నాడు లాగితే ఒంటినిండా దుమ్ముతో ఊడి చేతికొచ్చింది. బ్లోయరు, బ్రష్షు, మళ్ళీ బ్లోయరు, అదీ పద్ధతి. ఆ మేస్త్రీని ఇంకేదీ అడగను. ఎపాక్సీ ట్యూబులోంచి మొదట వచ్చే ముద్ద, రంగు సమంగా వచ్చేదాకా, పారేయండి. బొమ్మ దించాక 24 గంటలు ఎవర్నీ దగ్గరికి రానివ్వలేదు.

మేడ మీద స్లాబుకైతే ఈ పని వద్దు, వాన నీళ్ళు లోపలికి దిగుతాయి.

పాత కన్నాల మీద పూలకుండీ పెట్టాను. దారికి అడ్డంగా అక్కడెందుకని మా ఆవిడ రెండుసార్లు అడిగింది.