ఒకటి దగ్గర ఆగవు

"నువ్వు క్లోరిన్ లాంటిదానివమ్మా. ఒకటి దగ్గర ఆగవు."

గుంటూరులో మా అమ్మ వాళ్లింట్లో, ఎండకి తలుపులేసుకుని కూర్చున్న మధ్యాహ్నం మా పదహారేళ్ల వాడు అన్న మాట ఇది. అసలు గొడవ తెలుగు క్లాసు గురించి. సెలవులయ్యాక ఇక వెళ్లనన్నాడు. ఆ వాదనలో ఎలాగూ ఓడిపోతానని వాడి కెమిస్ట్రీ పుస్తకం లాక్కున్నాను. విజయవాడ హాస్టల్లో తెల్లారకుండానే లేచి ఇంటర్ కెమిస్ట్రీ బట్టీ పట్టినదాన్ని, ఇక్కడైనా నాదే గెలుపని ధీమా.

వెలుతురు తగిలితే క్లోరిన్ అణువు రెండుగా చీలుతుంది, ఒక్కో ముక్కా ఒక ఫ్రీ రాడికల్, అంటే జత లేని ఎలక్ట్రాన్‌తో తోడు వెతుక్కునే ముక్క. ఇంతవరకూ బాగానే చెప్పాను. ఆ రాడికల్, ఒక కార్బన్‌కి నాలుగు హైడ్రోజన్లున్న మీథేన్‌లోంచి హైడ్రోజన్‌ని తోసేసి ఆ చోట్లో కూర్చుంటుందని కూడా గీశాను.

"కాదు. హైడ్రోజన్ ఒంటరిగా బయటికి రాదు" అన్నాడు. క్లోరిన్ దాన్ని ఎత్తుకుపోయి హెచ్‌సీఎల్ (హైడ్రోజన్ క్లోరైడ్) అవుతుందట. హైడ్రోజన్ పోగా మీథేన్‌లో మిగిలిన మిథైల్ రాడికల్ ఇంకో క్లోరిన్ అణువులోంచి సగం లాక్కుంటుంది, ఆ రెండో సగం మళ్లీ ఇంకో మీథేన్ మీద పడుతుంది. ఒక్క ఫోటాన్ (వెలుగు కణం) మొదలుపెడితే వేల అణువులు మారిపోయేది అందుకే. శక్తి లెక్క కూడా వేసి చూపించాడు: వాడి దారిలో మోలుకి సుమారు 8 కిలోజౌల్స్ చాలు, నా దారిలో 90 దాకా కావాలి. ఇన్నేళ్లూ తప్పే గుర్తుంది నాకు. అప్పట్లో మార్కులెలా వచ్చాయో మరి.

పైమాట అన్నది అప్పుడే. ఒక హైడ్రోజన్ బదులు క్లోరిన్ చేరిన క్లోరోమీథేన్‌తో అయిపోదు, డైక్లోరోమీథేన్, క్లోరోఫామ్, చివరికి కార్బన్ టెట్రాక్లోరైడ్, నాలుగు హైడ్రోజన్లూ పోయేదాకా. నేనూ అంతేనట. ముందు మాట్లాడితే చాలన్నాను, తర్వాత చదవాలన్నాను, రాయాలన్నాను, ఇప్పుడు పద్యాలు అప్పజెప్పమంటున్నాను. ఇదంతా వాడన్నది ఇంగ్లీషులోనే, తెలుగు చేసి రాస్తున్నది నేను. వాడిని గట్టిగా తిట్టాలంటే నాకూ ముందు ఇంగ్లీషే వస్తుంది, అది వేరే సంగతి.

"మరి ఒకటి దగ్గర ఆపాలంటే?"

"మీథేన్ బాగా ఎక్కువ పెట్టాలి, క్లోరిన్ కొంచెమే."

కొంచెమంటే ఎంత? వారానికి గంటా? పిల్లలతో పట్టు వదలొద్దని స్నేహితురాళ్లకు చెప్పేదాన్ని, ఇప్పుడు ఏం చెప్పాలో తెలియడం లేదు.

"లేదంటే బ్రోమిన్‌లా ఉండు" అన్నాడు. మూడు కార్బన్లు వరసగా ఉండే ప్రొపేన్‌లో క్లోరిన్ మధ్య కార్బన్‌కీ చివరి వాటికీ దాదాపు 55, 45 శాతంగా అంటుకుంటుంది. బ్రోమిన్ మాత్రం చూసి ఎంచుకుంటుంది, 97 శాతం దాకా మధ్య కార్బన్ మీదే. కాకపోతే నెమ్మది. అంత నెమ్మదిగా ఉంటే వీడు కాలేజీకి వెళ్లిపోతాడు కదా!

క్లాసు ఫీజు ఆ రాత్రే కట్టేశాను. వాడికింకా చెప్పలేదు.