చెప్పులు పోయిన రోజు, అంతర్వేదిలో

హైదరాబాద్ నుంచి రాత్రంతా రైల్లో పడి నర్సాపురం వెళ్లింది ఒక్క సంతకం కోసం. నాన్న పేరు మీదున్న ఇంటి కాగితాల నకలు కావాలి. సంతకం పెట్టాల్సినాయన సెలవులో ఉన్నారు, సోమవారం రండి అన్నారు. ఆ రోజు శుక్రవారం. నా తిరుగు టికెట్ సాయంత్రానికి. ఫోన్‌లో చార్జింగ్ పదకొండు శాతం. బయటికొచ్చేసరికి చినుకులు. గొడుగు హైదరాబాద్‌లో తలుపు వెనకాల భద్రంగా వేలాడుతోంది.

ఎవరి మీదో అరవాలనిపించింది. ఆకలేసి ఆగిపోయాను.

సందు మొదట్లో ఒకావిడ దిబ్బరొట్టె కాలుస్తోంది. మందపాటి మూకుడు, కింద నిప్పులు, మూత మీదా నిప్పులే. మూత తీయగానే మినప్పిండి కాలిన కమ్మటి వాసన. పైపెచ్చు ముదురు గోధుమరంగులో కరకరలాడుతూ ఉంది, లోపల దూదిలా పొగలు కక్కుతోంది. అల్లప్పచ్చడి ఒక పక్క, చెరుకు పానకం ఒక పక్క వేసి ఇచ్చింది. ఆ రోజు తిట్టుకోకుండా చేసిన మొదటి పని అది తినడమే. ఇంకో ముక్క పెట్టించుకున్నాను.

సాయంత్రం దాకా ఏం చెయ్యాలో తోచక రేవుకి నడిచాను. నర్సాపురం రేవు నుంచి అవతల సఖినేటిపల్లికి పంటు మీద దాటాలి. మధ్యలో వశిష్ఠ గోదావరి. వంతెనకి శంకుస్థాపనలు ఒకటికి రెండుసార్లు అయ్యాయి, పంటు మాత్రం తిరుగుతూనే ఉంది. చెక్కల బల్ల మీద బైకులు, ఒక ఆటో, అరటిగెలలు, రెండు మేకలు, మేమంతా. జులై మొదటివారం కదా, ఎర్రనీరు అప్పుడే దిగుతోంది. కాబట్టి పంటు మీద ఒకటే మాట, పులస పడిందా లేదా అని. పడిందన్నవాళ్లు ఎవరూ దాన్ని చూళ్లేదు.

నా పక్కన ఒక మామ్మగారు ఒళ్లో దారపుండ పెట్టుకుని లేసు అల్లుతున్నారు. నర్సాపురం లేసుకి పెద్ద పేరు, పంతొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు నేర్పిన పని అది. ఆవిడ కళ్లు మాత్రం మేకల మీదే ఉన్నాయి, వేళ్లు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. కొక్కెం సూది ఒకసారి దూరి, దారం తగిలించుకుని, బయటికొచ్చేసరికి పువ్వుకో ముడి పెరుగుతోంది. ఇవతలి రేవులో మూడున్న రేకులు అవతలికెళ్లేసరికి అయిదయ్యాయి. “ఏంటి బాబూ, సూది వంక అలా చూత్తున్నారు?” అన్నారు. ఏం చెప్పాలో తెలీక నవ్వాను. పొద్దుట్నుంచీ అదే మొదటి నవ్వు.

అక్కణ్ణించి ఆటోలో అంతర్వేది. గుడిమెట్ల దగ్గర చెప్పులు విడిచి గబగబా లోపలికెళ్తే తలుపులు అప్పుడే వేసేశారు. వెనక్కొచ్చేసరికి చెప్పులు లేవు. రెండు నెలల క్రితం కొన్నవి. 1823 నాటికి ఈ గుడి కట్టించిన కొపనాతి కృష్ణమ్మగారు ఓడల వ్యాపారి. ఆయన సముద్రం మీద ఓడలు తిప్పిన చోట నేను ఒక్క జత చెప్పులు కాపాడుకోలేకపోయాను.

“గుళ్లో చెప్పులు పోతే పీడ పోయినట్టేనండి,” అన్నాడు ఆటోఅతను.

“దర్శనం కాకుండా పోయినా లెక్కేనా?”

“ఆయ్, లెక్కేనండి.”

ఆ తీర్పుతో అన్నాచెల్లెళ్ల గట్టు వైపు నడిచాను. గోదావరి సముద్రంలో కలిసే చోటది. ఒక పక్క ఎర్రమట్టి రంగు నీళ్లు, ఇంకోపక్క బూడిదరంగు అలలు. చెప్పులుంటే తడిసిపోతాయని నేను గట్టు మీదే నిలబడి ఫొటో తీసుకుని వచ్చేసేవాణ్ణి. ఫోన్ కూడా అప్పటికే ఆరిపోయింది. వానకి తడిసిన ఇసక గట్టిగా, చల్లగా ఉంది. అడుగు వేస్తే చుట్టూ నీరు ఇంకిపోయి తెల్లబడుతోంది, తీస్తే మళ్లీ నల్లబడుతోంది. చిన్న చిన్న పీతలు నా నీడ పడగానే కన్నాల్లోకి దూరి, నేను కదలకపోతే ఒక కన్ను బయటపెట్టి చూస్తున్నాయి. చాలాసేపు ఆ ఆట ఆడాను. నలభై రెండేళ్లు వచ్చాయి నాకు.

వాన పెద్దదైంది. ఒడ్డుకి లాగిన పడవ పక్కన పట్టా కట్టుకుని ఇద్దరు వల బాగుచేసుకుంటున్నారు. నన్ను చూసి ఒకాయన కొంచెం పక్కకి జరిగాడు. కూర్చున్నాను. ఏ ఊరు, ఏం పని అని అడగలేదు. పట్టా మీద వాన టపటపలాడుతుంటే వాళ్లు చిరుగులు వెతుక్కుంటూ పోయారు, నేను చూస్తూ కూర్చున్నాను. వెలిశాక లేచి వస్తానన్నాను. తలూపారు, అంతే.

తిరుగు పంటుకి ముందు రేవులో హవాయి చెప్పులు కొన్నాను. ఒక పట్టీ బిగువు, ఒకటి వదులు. స్టేషన్‌లో ఫోన్ చార్జింగ్ పెట్టి ఇంటికి చేశాను.

“పనయిందా?”

“లేదు. సోమవారం రమ్మన్నారు.”

“అయ్యో, మళ్లీనా!”

“ఆదివారం రాత్రి బయల్దేరతాలే. పాత చెప్పులు ఎక్కడున్నాయో కాస్త చూసి పెట్టు.”