అరకు దాటి కోరాపుట్ దాకా

విశాఖలో కిరండూల్ పాసింజర్ ఎక్కేవాళ్లలో చాలామంది అరకులో దిగిపోతారు. ఆ తర్వాతి దారి చూడాలని నాకు ఎప్పట్నుంచో కోరిక. అందుకే నవంబర్‌లో ఒడిశాలోని కోరాపుట్‌కి టికెట్ తీసుకున్నాను.

పొద్దున్నే బయల్దేరిన బండి శృంగవరపుకోట దాకా పొలాల మధ్యే నడుస్తుంది. బొడ్డవర దాటాక ఘాట్ మొదలవుతుంది. ఇక వరసగా సొరంగాలు. కొత్తవలస-కిరండూల్ లైన్ మొత్తమ్మీద 58 ఉన్నాయి. ఒక్కో సొరంగం రాగానే పెట్టెలో పిల్లలంతా ఒకటే కేకలు. కిటికీలోంచి చల్లటి తడిగాలి ముఖానికి కొడుతుంది, రాతిగోడ మీద కారే నీళ్లు బండి లైట్లకి మెరుస్తాయి. బయటపడగానే లోయ, ఆ లోయ నిండా పచ్చదనం!

చిమిడిపల్లి దాటాక మా బండిని పక్క లైన్లో ఆపేశారు. పైనుంచి ఖనిజం బండి దిగుతోంది. ఎన్ని వ్యాగన్లో! అన్నిట్లోనూ ఎర్రటి ఇనపరాయి, బ్రేకులు కాలిన వాసన. చాలాసేపు ఆగినా నాకు విసుగనిపించలేదు. 1960ల్లో ఈ లైన్ వేసిందే ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా కొండల ఇనప ఖనిజాన్ని విశాఖ రేవు మీదుగా జపాన్‌కి పంపడానికి. మనుషుల బండి దానికి దారివ్వాల్సిందే. ఈ కొండల్ని తొలిచిన కూలీలు ఎవరో, ఎక్కడివాళ్లో! వాళ్లని తలుచుకోకుండా ఈ దారిలో వెళ్లడం నా వల్ల కాలేదు.

సిమిలిగుడ స్టేషన్ సముద్రమట్టానికి దాదాపు 996 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ దిగి నాలుగడుగులు వేస్తే ఎండలో కూడా చలి తెలుస్తుంది. తర్వాత అరకు. పెట్టె సగానికి పైగా ఖాళీ అయింది.

అసలు అందం ఆ తర్వాతే అంటాను నేను. పట్టాలకి రెండువైపులా వలిసెపూల చేలు, పసుపు పరిచినట్టు. వాటి మధ్య గట్ల మీద తలపై కట్టెల మోపుతో నడిచే ఆడవాళ్లు. స్టేషన్ బోర్డుల మీద ఒడియా అక్షరాలు మొదలయ్యాయి. రాష్ట్రం మారినా కొండ మారలేదు.

మధ్యాహ్నానికి కోరాపుట్ చేరాం. చిన్న ఊరు, చుట్టూ కొండలు. 1936లో ఒడిశా ఏర్పడేదాకా ఈ ప్రాంతం మన విశాఖపట్నం జిల్లాలోనే ఉండేది. ఇప్పటికీ బజార్లో తెలుగు వినిపిస్తుంది. శబర శ్రీక్షేత్రం అని పిలిచే జగన్నాథ ఆలయం గుట్ట మీద ఉంది. మెట్లెక్కి పైనుంచి చూస్తే ఊరంతా కనిపిస్తుంది. దర్శనం చేసుకుని, దగ్గర్లోని గిరిజన మ్యూజియంలో సాయంత్రం దాకా గడిపాను.

రాత్రి టిఫిన్ తిన్న చోట దుకాణం నడిపే ఆవిడ తెలుగులోనే అడిగింది: "ఇక్కడిదాకా వచ్చి జయపురం వెళ్లరా బాబూ? కొండ దిగే దారి అటే కదా!"

వెళ్లకుండా ఎలా ఉంటాను? మర్నాడు మధ్యాహ్నం మళ్లీ అదే పాసింజర్ ఎక్కాను, జయపురం టికెట్‌తో.