కొమ్మలు కాదు, కింద నీళ్లు చూడండి: మలబారు ఎగిరే కప్ప

జూన్ వానలు పట్టగానే పడమటి కనుమల్లోని ఆగుంబె, కొడగు, వాయనాడ్ అడవుల్లో ఈ కప్ప కోసం వెళ్లేవాళ్లు టార్చి ఎత్తి కొమ్మలన్నీ గాలిస్తారు. దొరకదు. పచ్చటి ఆకుమీద కాళ్లు ముడుచుకుని కూర్చుంటే వేళ్ల మధ్య ఎర్ర పొర దాగిపోతుంది, ఆకూ కప్పా ఒకటే. అందుకే ముందు నీళ్లు వెతకాలి: చిన్న కుంట, కాఫీ తోటలో పాత సిమెంటు తొట్టి, దాని మీదికి వంగిన కొమ్మ.

రాకోఫోరస్ మలబారికస్ అనే ఈ జాతిని 1870లో బ్రిటిష్ ప్రకృతి శాస్త్రవేత్త జెర్డన్ వర్ణించాడు. ఒళ్లు పది సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, ఆడదే పెద్దది. "ఎగిరే" అన్నది కాస్త అతి. చాచిన పొరల మీద పైనుంచి కిందికి ఏటవాలుగా జారుతుందంతే, తొమ్మిది నుంచి పన్నెండు మీటర్లు.

అసలు విడ్డూరం గూడు. ఆడకప్ప జిగురు ద్రవం వదులుతూ వెనక కాళ్లతో మజ్జిగ చిలికినట్టు చిలుకుతుంది. ఆ నురగలో తెల్లటి గుడ్లు, చుట్టూ అతుక్కున్న ఆకులు. గుడ్లకు రంగు అక్కర్లేదు, ఎండ తగలదు కదా. పైపొర ఎండి గట్టిపడుతుంది, లోపల తడి నిలుస్తుంది. సుమారు వారానికి వాన నురగను కరిగిస్తే తోకకప్పలు సరిగ్గా కింది నీళ్లలో రాలతాయి.

చెడేది ఇక్కడే. వానలకు మధ్యలో విరామం వస్తే గుంట ఇంకిపోతుంది, పిల్లలు బురదమీద పడతాయి. ఈగల పురుగులు నురగలో దూరి గుడ్లు తింటాయి. కుంటలో చేపలు వదిలితే రాలినవి రాలినట్టే వాటి నోట్లోకి. "శుభ్రం" పేరుతో గట్టున కొమ్మలు నరికేస్తే గూడు కట్టడానికి చోటే ఉండదు. జాలిపడి గూడును వేరే చోటికి మార్చడం మాత్రం వద్దు.

దోమల మందు రాసుకున్న చేతితో ముట్టకండి, కప్ప చర్మం దేన్నైనా పీల్చేస్తుంది. నిజానికి ఏ చేతితోనూ ముట్టనక్కర్లేదు. ఫ్లాష్ బదులు మసక టార్చి చాలు.

అవే కనుమల్లో దక్షిణాన అనమలై, ఇడుక్కి వైపు వీపుమీద నల్లగీతలు అల్లుకున్న పచ్చకప్ప కనబడితే అది వేరే జాతి, 2000లో విడదీశారు.

మన ఊళ్లలో స్నానాలగది గోడకు అంటుకునే గోధుమరంగు చెట్టుకప్ప దీనికి దూరపు చుట్టమే. ఇంగ్లీషువాళ్లు దాన్ని చునం కప్ప అన్నారు, మన సున్నం గోడల పుణ్యమే ఆ పేరు. అదీ నురగ గూడే కడుతుంది, తొట్టి అంచున వానాకాలంలో చూడండి.