గడ్డం కింద వెంట్రుకలకు మందు వాడాను

డిగ్రీ చదువుతున్నప్పుడు గడ్డం కింద ముతక వెంట్రుకలు రావడం మొదలైంది. నెలసరి కూడా రెండు మూడు నెలలకోసారి వచ్చేది. కానీ ఇంట్లో అందరి కళ్లూ గడ్డం మీదే. "చిన్నప్పుడు నలుగు సరిగ్గా పెట్టి ఉంటే ఇలా అయ్యేదా?" అని నానమ్మ అమ్మని సాధించేది. అమ్మ మారు మాట్లాడకుండా సున్నిపిండిలో పసుపు కలిపి తెచ్చేది, తప్పంతా తనదే అన్నట్టు. ఆ మాటలు తలచుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది. నలుగు పెట్టినా పెట్టకపోయినా అవి వచ్చేవే. ఒంట్లో పురుష హార్మోన్లు ఎక్కువైతే వస్తాయి.

ఎండోక్రైనాలజిస్టు, అంటే హార్మోన్ల డాక్టర్, ఆ మాట చెప్పాకే అమ్మ మనసు కుదుటపడింది. ఆ డాక్టర్ నా పైపెదవి, గడ్డం, ఛాతీ, పొట్ట, వీపు, తొడలు అన్నీ చూసి, వెంట్రుకలు ఎంత ఒత్తుగా ఉన్నాయో ఒక్కోచోటికి సున్నా నుంచి 4 దాకా మార్కులు వేశారు. టెస్టోస్టిరాన్, థైరాయిడ్, ప్రొలాక్టిన్ పరీక్షలు, స్కానింగ్ అయ్యాక పీసీఓఎస్ అన్నారు, అంటే హార్మోన్ల తేడాతో నెలసరి తప్పి, ఇలా వెంట్రుకలు వచ్చే సమస్య.

ముందు గర్భనిరోధక మాత్రలు రాశారు. "పెళ్లి కాని పిల్లకా!" అని అమ్మ ఉలిక్కిపడింది. అండాశయాల్లో తయారయ్యే పురుష హార్మోన్‌ని ఇవి తగ్గిస్తాయని, నెలసరి కూడా దారిలో పడుతుందని డాక్టర్ ఓపిగ్గా వివరించారు. ఆరు నెలలు చూసి, పురుష హార్మోన్ పనిని అడ్డుకునే స్పిరోనోలాక్టోన్ కలిపారు. మొదట 50 మిల్లీగ్రాములు, తర్వాత 100. ఇది బీపీకి, గుండె జబ్బుకి కూడా ఇచ్చే మందు. కొత్తలో లేచి నిలబడితే కళ్లు తిరిగేవి, మాటిమాటికీ బాత్రూమ్‌కి వెళ్లాల్సి వచ్చేది. పొటాషియం పెరగకుండా కొబ్బరినీళ్లు తగ్గించమన్నారు. మాది కోనసీమ. మందుకన్నా అదే కష్టమనిపించింది!

ఈ మందులు ఉన్న వెంట్రుకని ఊడగొట్టవు. అది దానంతటది రాలాక, ఆ చోట వచ్చేది సన్నగా వస్తుంది. అందుకే కనీసం ఆరు నెలలు ఆగాలి. రెండు నెలలకే "పనిచేయట్లేదు" అని మానేసే అమ్మాయిల్ని చూస్తే నాకు చాలా బాధేస్తుంది. ఈలోగా థ్రెడింగ్ చేయించుకోవచ్చు, దానివల్ల ఒత్తుగా పెరుగుతాయన్నది నిజం కాదు.

నాకు ముందు ఒక థ్రెడింగ్‌కీ ఇంకో థ్రెడింగ్‌కీ మధ్య వారాలు పెరిగాయి. తర్వాత గడ్డం మీది వెంట్రుకలు సన్నబడ్డాయి. మిగిలిన వాటికి లేజర్ చేయించుకున్నాను.

ఇప్పుడు పెళ్లి కుదిరింది. స్పిరోనోలాక్టోన్ వాడుతూ గర్భం దాల్చకూడదు, కడుపులో మగబిడ్డ ఉంటే ఎదుగుదల దెబ్బతినే ప్రమాదం ఉంది. పిల్లలు కావాలనుకున్నప్పుడు ముందే మందు ఆపాలని, ఆపితే వెంట్రుకలు మళ్లీ రావచ్చని కాబోయే ఆయనకి చెప్పాను. వచ్చే చెకప్‌కి తనూ వస్తానన్నాడు.